తిరునాళ్ళలో పొడిపించుకున్న బొట్లు

సూదులు గుచ్చే ఉద్యోగంలోనే నా జుట్టు నెరిసింది. రిటైరయ్యాక బజార్లో పాత పేషెంట్లు ఎదురైతే ముందు నా మొహం చూడరు. నా చేతుల్లో ఏమైనా ఉందేమోనని చూసి, ఆ తర్వాత నవ్వుతారు. నేనేమీ అనుకోను. వాళ్ళ చేతుల మీద నేను చేసిన పని అలాంటిది మరి. ఈ పనిలోకి ఇప్పుడిప్పుడే వస్తున్న పిల్లలు నన్ను చూడటానికి వచ్చినప్పుడు, "మీ అనుభవాలు ఏవైనా చెప్పండి మేడం" అని అడుగుతుంటారు. చెప్పడానికి చాలానే ఉన్నాయి. కానీ ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఒక చెయ్యి దగ్గరికే వచ్చి ఆగుతాను. అది మిరపకాయలు ఏరే ఒకావిడ ఎడమ చెయ్యి.

నేను ఆఖర్న పనిచేసింది అద్దంకి వైపు ఒక చిన్న డయాలసిస్ సెంటర్లో. కిడ్నీలు పాడైనవాళ్ళు వారంలో తమ వంతు రోజులు వచ్చి, మిషను పక్కన మంచం మీద పడుకుని, నెత్తురు శుభ్రం చేయించుకుని వెళ్తారు. పర్చూరు పొలాల్లో పొగాకు కొట్టినవాళ్ళు, పత్తి తీసినవాళ్ళు, మిరప కోసినవాళ్ళు, అందరూ మా దగ్గరికే. మిరప సీజన్ వచ్చిందంటే మా వార్డుకి వేరే క్యాలెండరు అక్కర్లేదు. ఒకావిడ కొంగు దులిపితే చాలు, ఈ చివరి మంచం నుంచి ఆ చివరి మంచం దాకా వరసగా తుమ్ములు. డ్యూటీ డాక్టరు కూడా తుమ్ముతూనే కేస్ షీట్ రాసేవాడు.

డయాలసిస్‌కి రెండు సూదులు కావాలి. ఒకటి నెత్తురు మిషనులోకి పంపడానికి, రెండోది శుభ్రమైన నెత్తుర్ని మళ్ళీ ఒంట్లోకి పంపడానికి. మామూలు నరం ఈ పనికి తట్టుకోలేదు. అందుకని ముందుగానే చేతికి చిన్న ఆపరేషన్ చేసి ఒక నరాన్ని ధమనికి కలుపుతారు. కొన్నాళ్ళకి ఆ నరం లావెక్కుతుంది. దాన్ని ఫిస్టులా అంటారు. వేలు పెట్టి చూస్తే లోపల గుర్రుమంటూ ఉంటుంది. ఆ మోత ఉన్నంతకాలం మనిషికి ధైర్యం. ఆ చేత్తో బిందె ఎత్తరు, ఆ చేతికి గాజులు బిగించరు, నిద్రలో కూడా ఆ పక్కకి ఒత్తిగిలరు.

చాలామందికి ఆ నరం తాడులా పైకి తేలుతుంది. మా మిరపకాయలావిడకి తేలలేదు. కాస్త ఒళ్ళు చేసిన మనిషి. నరం లోతులో ఉంది, పైగా మధ్యలో ఒక వంకర. ఇంచుమించు నా వయసే అయినా నేను ఆవిణ్ణి అక్కా అనేదాన్ని. ఆవిడ నన్ను సిస్టరమ్మా అనేది. కల్లంలో కూర్చుని ఎర్రటి కాయల్లోంచి తాలుకాయలు ఏరడం ఆవిడ పని. రాశి మీద చెయ్యి అలా పోనిచ్చి, మనకి ఒకేలా కనపడే కాయల్లోంచి తెల్లబడినదాన్ని చటుక్కున లాగేస్తుందట. "నా కాయ నాకు కనపడుద్ది. నా నరమే మీకు కనపడదు" అని మమ్మల్ని దెప్పేది.

ఒకసారి మేం నిజంగానే దెప్పించుకోవాల్సిన పని చేశాం. దర్శి వైపు నుంచి ఒక అమ్మాయి టెక్నీషియన్‌గా కొత్తగా చేరింది. చురుకైన పిల్ల. వేళ్ళతో తడిమి నరం దొరికిందనుకుని సూది దించింది. సూది నరంలోకి పోయి అవతలి గోడ కూడా దాటేసింది. మిషను తిరగగానే ముంజెయ్యి పొంగింది. మర్నాటికి వంకాయ రంగులోకి మారింది. అక్క అరవలేదు, తిట్టలేదు. పైకప్పు వైపు చూస్తూ కళ్ళు తుడుచుకుంది. అదే ఆ పిల్లని ఎక్కువ దెబ్బతీసింది. నాలుగు తిట్లు పడి ఉంటే తేలికైపోయేది. ఆ రోజు నుంచి మిగతా అందరికీ చకచకా సూదులు వేసే పిల్ల, అక్క మంచం దగ్గరికి వచ్చేసరికి వణికేది. ఈ ఉద్యోగంలో చెయ్యి తప్పనివాళ్ళు ఎవరూ ఉండరని నేనెంత చెప్పినా దానికి ఎక్కలేదు.

ఆ తర్వాత సెంటరుకి చేతిలో పట్టుకునే అల్ట్రాసౌండు వచ్చింది. మంగలిషాపులో జుట్టు కత్తిరించే మిషనంత ఉంటుంది. ఫోనుకి తగిలించి, చేతి మీద జెల్ రాసి, దాన్ని ఆనిస్తే నరం తెర మీద నల్లటి గుండ్రంగా కనపడుతుంది. ఎంత లోతులో ఉందో, ఎటు తిరిగిందో అన్నీ తెలుస్తాయి. అక్క చేతి మీద మొదటిసారి పెట్టినప్పుడు నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. అన్నాళ్ళూ మేం వెతికినచోటు పక్కనే అది హాయిగా పడుకుని ఉంది. నరం నిటారుగా ఉన్న చోటు చూసి, ఊదా రంగు మార్కరుతో రెండు గుర్తులు పెట్టాను. చర్మం శుభ్రం చేసి, ఆ గుర్తుల పక్కనే సూదులు దించాను. రెండూ ఒక్కసారికే పడ్డాయి.

"అయిపోయిందా?" అంది అక్క నమ్మలేనట్టు.

"అయిపోయింది."

"ఈ బొట్లు పెట్టే బుద్ధి ఇన్నాళ్ళూ ఏమైంది మీకు?"

అప్పటినుంచి వచ్చి పడుకోగానే చెయ్యి చాపి "బొట్టు పెట్టు సిస్టరమ్మా" అనేది. జెల్ చల్లగా తగిలితే ఉలిక్కిపడేది. తెర తన వైపు తిప్పమనేది. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. గుర్తు పెట్టేటప్పుడు చెయ్యి ఎలా ఉందో, గుచ్చేటప్పుడూ అలాగే ఉండాలి. చెయ్యి తిప్పితే చర్మం జరుగుతుంది, దానితో గుర్తూ జరుగుతుంది, నరం మాత్రం జరగదు. ఇంకోటి, ఎప్పుడూ ఒకేచోట గుచ్చితే నరం గోడ పల్చబడి ఉబ్బుతుంది. అందుకని ప్రతిసారీ కాస్త పైకో కిందికో కొత్త గుర్తు పెట్టాలి. ఇదంతా అక్కకి కూడా చెప్పాను. ఆవిడ ఊ కొట్టింది. ఆ ఊ కొట్టడం ఎందుకో నాకు తర్వాత తెలిసింది. నేను మాట్లాడుతూ ఉంటే సూది నొప్పి తెలియదట, అందుకని ఊ కొట్టేదట.

నా రిటైర్మెంటు దగ్గరపడింది. ఒక శనివారం మావాళ్ళు ముందుగానే స్వీట్లు పంచారు. డయాలసిస్ పేషెంట్లకి స్వీట్లు పంచడం ఎంత తెలివైన పనో మీరే చెప్పండి. అక్క తన ముక్కని మొగుడికిచ్చి నన్ను పిలిచింది. ఆయన ఆవిణ్ణి ప్రతి వంతుకీ మోపెడ్ మీద తీసుకొచ్చి, అయ్యేదాకా వరండాలో బీడీ కాల్చకుండా తంటాలు పడే మనిషి.

"అయితే నువ్వెళ్ళిపోతన్నావా?" అంది.

"వయసైపోయింది గదక్కా. ఇంక ఇంట్లో కూర్చుంటా."

"మరి నాకు బొట్లెవరు పెడతారు?"

"ఈ అమ్మాయి పెడుతుంది. అంతా నేర్పించాను."

ఆ అమ్మాయి పక్క మంచం దగ్గరే ఉంది. ట్రేలో దూది సర్దుతున్నట్టు తల వంచుకుంది. అక్క కాసేపు ఆ పిల్ల వంకే చూసింది. నిజానికి ఆ పిల్లకి తెర మీద నరం చూడటం బాగానే వచ్చు. ఒక చేత్తో అల్ట్రాసౌండు, ఇంకో చేత్తో సూది పట్టుకుని అక్క ముందు నిలబడితేనే వేళ్ళు మాట వినవు. ఉన్న నాలుగు రోజుల్లో ఆ వణుకు ఎలా వదిలించాలో నాకు తోచలేదు. రాత్రి అన్నం తినేటప్పుడు కూడా అదే ఆలోచన.

తర్వాతి వంతుకి అక్క రాలేదు. ఫోన్ చేస్తే మొగుడు ఎత్తి "తిరునాళ్ళకి పోయొచ్చాం గదమ్మా, కాస్త నలతగా ఉంది, మళ్ళీ వంతుకి వస్తాం" అన్నాడు. డయాలసిస్ ఒక వంతు తప్పితే ఏమవుతుందో తెలిసి కూడా ఆ మాటంటే నాకు ఒళ్ళు మండింది. ఫోన్లోనే దులిపేశాను. మర్నాడు రమ్మంటే రాలేదు. ఆ తర్వాతి వంతుకి వచ్చారు. ఆ మర్నాటితో నా డ్యూటీ సరి.

అక్క మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసపడుతోంది. పాదాలు పొంగి చెప్పుల్లో పట్టడం లేదు. చీర మీద మొగుడి ఫుల్‌హ్యాండ్స్ చొక్కా వేసుకుంది. మిరప కోతకి వెళ్ళే ఆడవాళ్ళు అలా వేసుకుంటారు. కానీ మా దగ్గరికి వచ్చేటప్పుడు ఎప్పుడూ వేసుకోలేదు.

"చొక్కా తియ్యక్కా" అన్నాను.

"చలిగా ఉందమ్మా."

బయట ఎండ మాడిపోతోంది. నేనే గుండీ విప్పి చొక్కా చెయ్యి పైకి మడిచాను. ముంజేతి మీద, సరిగ్గా నేను కిందటిసారి మార్కరుతో పెట్టిన రెండు చోట్లా, పెసరగింజంత రెండు పచ్చబొట్లు ఉన్నాయి. వాటి చుట్టూ చర్మం ఎర్రగా వాచి, ముట్టుకుంటే కాలుతోంది. పైన పసుపు, కొబ్బరినూనె పట్టించి ఉంది.

"ఏంటక్కా ఇది?"

అక్క మొహం అంత నీరసంలోనూ వెలిగింది. "పొడిపించుకున్నా. తిరునాళ్ళలో మిషను పెట్టుకుని కూర్చుంటాడు గదా, ఆయన దగ్గర. నీ మార్కరు నీళ్ళు తగిలితే పోతందని చేతికి కవరు చుట్టుకుని మరీ పోయా. ఇంక మీకెవరికీ ఇబ్బంది లేదు. కళ్ళు మూసుకుని గుచ్చొచ్చు."

డయాలసిస్‌లో నెత్తురు గడ్డకట్టకుండా మందిస్తాం. ఆ మనిషి ఫిస్టులా చేతిని తీసుకెళ్ళి తిరునాళ్ళ మిషను కింద పెట్టింది. ఎవరెవరిని పొడిచిన సూదో, ఎప్పుడు కడిగిన సూదో. వాపు లోపలికి దిగి నరానికి అంటుకుంటే ఆ నరం పోతుంది. నరం పోతే మళ్ళీ ఆపరేషన్, అది పనికొచ్చేదాకా మెడలో పైపు.

"వాడు అడగలేదా, ఈ చెయ్యి ఇట్టా ఉందేంటని?" అన్నాను.

"అడిగాడు. లోపల గుర్రుమంటందేందమ్మా అన్నాడు. నీ మిషను మోతేలే, కానియ్ అన్నా."

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు రాలేదు. నాకు కోపం వస్తే నోటికి గేటుండదు. మొగుణ్ణి వరండాలోంచి లోపలికి పిలిచి మరీ తిట్టాను. "నీకైనా బుద్ధుండక్కర్లా? పక్కనే నిలబడి చూశావా?"

"చెప్తే వింటుద్దామ్మా ఇది?" అన్నాడాయన దీనంగా. "రంగులరాట్నం దగ్గర నన్ను నిలబెట్టి పోయింది. వచ్చేసరికి అయిపోయింది. వాచిందని నీకు చెప్దామంటే, తగ్గినాక పోదాంలే, సిస్టరమ్మ తిడతది అంది."

మా కిడ్నీ డాక్టరుగారు గుంటూరు నుంచి వారానికోసారి వస్తారు. ఫోటో తీసి పంపి ఫోన్ చేశాను. చీము లేదు, జ్వరం లేదు, నరం మోత బాగానే ఉంది అని చెప్పాను. ఆయన మందులు చెప్పారు, రక్తపరీక్షకి పంపమన్నారు. ఆ వాపున్న దగ్గర మాత్రం గుచ్చొద్దన్నారు. "దానికి దూరంగా నరంలో మంచి చోటు దొరికితే చూడండి సిస్టర్. ఇవాళ డయాలసిస్ ఆగకూడదు. దొరక్కపోతే వెంటనే గుంటూరు పంపించండి, మెడలో పైపు వేద్దాం."

ఫోను స్పీకరులో ఉంది. అక్క అంతా విన్నది. మెడలో పైపుతో వచ్చే ఇంకో పేషెంటుని ఆవిడ ప్రతి వంతుకీ చూసేది. పైపుంటే కల్లంలోకి పోకూడదు, దుమ్ములో కూర్చోకూడదు. కాయలు ఏరే పని లేకపోతే ఆవిడ ఇంట్లో వట్టి రోగి. అది ఆవిడకి చావుకన్నా పెద్ద భయం.

"నా మెడ కొయ్యొద్దు సిస్టరమ్మా" అని చేతులు జోడించింది. ఆ జోడించిన చేతుల్లో ఒకదాని మీద ఆ రెండు పచ్చటి చుక్కలు. నా కోపమంతా అక్కడే జారిపోయింది.

అల్ట్రాసౌండు తీసుకుని చెయ్యంతా వెతకడం మొదలుపెట్టాను. కింద ఆపరేషను చేసిన గాటు దగ్గర లాభం లేదు. మధ్యలో వాపు. మోచెయ్యి మడత దాటి పైకి పోతే నరం లోతుకి దిగిపోయింది. ఇంకాస్త పైన, దండచేతి దగ్గర, మళ్ళీ కాస్త పైకి వచ్చి నిటారుగా కనపడింది. రెండు సూదులకి సరిపడా ఉంది. కానీ అక్కడ ఎప్పుడూ గుచ్చలేదు. లోతు. పైగా అక్కడ చర్మం వదులు, పైన గుర్తు పెట్టి ఊరుకుంటే చాలదు. ఒక చేత్తో మిషను ఆనించి, తెర మీద సూది మొన చూసుకుంటూ దించాలి.

నేను వేయగలను. వేసేద్దామనే గ్లౌజులు చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు తోచింది. ఇవాళ నేను వేస్తాను, సరే. ఈ వాపు తగ్గడానికి చాలా రోజులు పడుతుంది. వచ్చే వంతుకి ఇదే లోతైన చోట ఎవరు వేస్తారు? ఆ పిల్ల. అప్పుడు పక్కన నేనుండను. ఇవాళ వేస్తే నేనుంటాను.

చుట్టూ చూస్తే ఆ పిల్ల లేదు. స్టోర్ రూములో డబ్బాల మధ్య నిలబడి ఏడుస్తోంది.

"నా వల్లే మేడం" అంది. "నేనంటే నమ్మకం లేకే ఆవిడ అలా పొడిపించుకుంది. నేను ఆ రోజు తప్పు చేయకపోయి ఉంటే..."

నాకూ అలాగే అనిపించింది. చెయ్యి పట్టుకుని వార్డులోకి లాక్కొచ్చాను. అక్క ముందు నిలబెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"అక్కా, రేపటితో నేనుండను. నువ్వెన్ని బొట్లు పొడిపించుకున్నా నీకు గుచ్చే మనిషి ఈ పిల్లే. ఈ పిల్లని నమ్మలేక నువ్వీ పని చేస్తే..."

"ఎవరన్నారు నమ్మలేదని?" అక్క ఆయాసంతోనే లేచి కూర్చుంది. "నా చెయ్యి చూస్తే చాలు, ఆ పిల్ల వణికిపోద్ది. నాకు తెలవదా? నాకు గుచ్చిన రోజు రాత్రి అన్నం తినుద్దో తినదో అనుకుంటా. నువ్వు పోతన్నావ్. ఇంక దానికి దారి చూపించేవాళ్ళెవరు? నీ బొట్టు ఉంటే చూసుకుని భయం లేకుండా గుచ్చుకుంటదని పొడిపించుకున్నా. దాని కోసమే చేశా. నాకేం పోయే కాలం, ఈ వయసులో సోకా?"

వార్డులో ఎవరూ తుమ్మలేదు కూడా. ఆ పిల్ల ఏడుపు ఆపి అక్కనే చూస్తోంది. నేను గోడ వైపు తిరిగి, అక్కర్లేకపోయినా, చేతులు కడుక్కున్నాను.

"రా అమ్మా" అంది అక్క చొక్కా పైకి లాక్కుంటూ. "ఎక్కడ గుచ్చాలో గుచ్చు. తప్పితే తప్పుద్ది. మళ్ళీ గుచ్చుదువుగాని."

పిల్ల వచ్చింది. అక్క చేతిని దిండు మీద సరిచేసింది. జెల్ రాసింది. తెర మీద నల్లటి గుండ్రం రాగానే నా వంక చూసింది. నేను తల ఊపలేదు. నా వైపు కాదు, తెర వైపు చూడమన్నాను. రెండు గుర్తులు పెట్టింది, మళ్ళీ మిషను ఆనించి సరిచూసుకుంది. శుభ్రం చేసి, కొత్త గ్లౌజులు వేసుకుని సూది అందుకుంది. సూది చర్మం దాటేదాకా వేళ్ళు వణికాయి. తెల్లటి మొన తెర మీద కనపడగానే వణుకు ఆగింది. ఆ మొన నెమ్మదిగా దిగి, నల్లటి గుండ్రం పైగోడని నొక్కి, లోపలికి జారింది. గొట్టంలోకి నెత్తురు ఎగదన్నింది. రెండోదానికి నా వైపు చూడలేదు. అసలు నేనున్న సంగతే మరిచిపోయింది.

డయాలసిస్ మిషను తిరగడం మొదలుపెట్టాక అక్క అడిగింది. "అయిపోయిందా?"

"అయిపోయింది అక్కా" అని ఆ పిల్లే చెప్పింది. అప్పటిదాకా ఆ పిల్ల ఆవిణ్ణి అమ్మా అనేది.

మర్నాడు శాలువా కప్పి, నా గురించి నాకే తెలియని గొప్పలు చెప్పి, నన్ను ఇంటికి పంపారు. వాపు తగ్గిందని, నరం దక్కిందని ఆ తర్వాత ఫోన్లో తెలిసింది. నెల తిరిగాక ఉండబట్టలేక ఒకరోజు సెంటరుకి వెళ్ళాను. వార్డు తలుపు దగ్గరే ఆగిపోయాను. ఆ పిల్ల అక్క ముంజేతి మీద అల్ట్రాసౌండు ఆనించి ఉంది. ఇద్దరూ తెరలోకి తలలు పెట్టి చూస్తున్నారు.

"అదుగో, ఆ నల్లది. ఇంకొంచెం ఇటు జరుపు" అంటోంది అక్క.

"కనపడుతోందిలే అక్కా, నువ్వు కదలకు."

కల్లంలో తాలుకాయని పట్టేసే కళ్ళు నరాన్ని పట్టెయ్యడం నేర్చుకున్నాయి. ఆ పిల్ల పచ్చబొట్ల మధ్య చర్మం మీద కొత్తగా ఊదా గుర్తులు పెట్టి, చకచకా రెండు సూదులూ దించేసింది. ఇద్దరూ నన్ను చూడలేదు. కాస్త కుళ్ళుగా అనిపించిన మాట నిజం. ఆ కుళ్ళు వెనకాలే కళ్ళు తడిశాయి.

దగ్గరికి వెళ్ళి పలకరించాను. చెయ్యి చూశాను. ఆ రెండు చుక్కలూ మానిపోయి నిగనిగలాడుతున్నాయి. చుట్టూ ఎన్నో సూది మచ్చలున్నాయి గానీ వాటి మీద ఒక్కటీ లేదు.

"ఇంత పాటు పడి పొడిపించుకున్నావ్, ఎందుకూ పనికిరాకుండా పోయాయి గదక్కా" అన్నాను నవ్వుతూ.

"పనికి రాకపోవడమేంది?" అంది అక్క, ఆ చెయ్యి కదపకుండా రెండో చేత్తో వాటిని తడుముతూ. "నువ్వు పెట్టినచోటే గదా పొడిచాడు. ఇయి నీ బొట్లు. వీటి మీద సూది పడనియ్యనని ఈ పిల్లకి మొదటిరోజే చెప్పా."